సినిమా డైరీ రాసేకొద్దీ నా చీరల ఫోటోలు చెడిపోతున్నాయి. మానేయాలా?

పెన్నాగట్టు, నెల్లూరు | శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. ఇవాళ మాత్రం కడుపుమంటతో రాస్తున్నాను.

నెల్లూరులో చీరల షాపులకి, బొటిక్‌లకి ఫోటోలు తీయడం నా పని. ముహూర్తాల సీజన్‌లో పెళ్లిళ్లు కూడా తీస్తాను. సినిమా పిచ్చి చిన్నప్పటిది. ఆరేళ్లుగా, చూసిన ప్రతి సినిమాకీ నల్లట్ట లాంగ్ నోట్‌బుక్కులో ఒక పేజీ రాస్తున్నాను. కథ రాయను, మార్కులు వెయ్యను. వెలుగు ఏ పక్క నుంచి పడింది, ఎవరు ఏం కట్టుకున్నారు, నడిస్తే ఆ బట్ట ఎట్టా కదిలింది, కెమెరా ఎంత దూరంలో నిలబడింది. అంతే. ఫ్యాషన్ ఫోటోగ్రఫీ నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. హాల్లో కూర్చుని నేర్చుకున్నదే.

పోయిన వారం ఒక షాపాయన నలభై ఫోటోలు తిప్పి పంపాడు. తిట్టినా బాగుండేది. "అమ్మా, ఫోటోలు మహ బాగున్నాయి. చీర ఏదీ?" అన్నాడు.

చూసుకుంటే నిజమే. అమ్మాయి తలుపు సందులో నిలబడి ఉంది. సగం మొహం నీడ. కొంగంతా చీకట్లో కలిసిపోయింది. అంచు ఏ రంగో నాకే గుర్తు రాలేదు. అనుమానం వచ్చి డైరీ తిరగేశాను. షూట్‌కి మూడు రోజుల ముందు పేజీ ఇది:

"ఇన్ ది మూడ్ ఫర్ లవ్ (2000), వాంగ్ కార్ వై. నాలుగోసారి. 1962 నాటి హాంకాంగ్. మాగీ చుంగ్ ఒంటి మీద బట్ట మారితే రోజు మారినట్టు, క్యాలెండరు అక్కర్లేదు. ఇరవైకి పైగా చోంగ్‌సామ్‌లు (ఒంటికి బిగువుగా ఉండే చైనా గౌన్లు). మెడ దాకా బిగువు కాలరు, ఊపిరి కూడా లెక్కగా తీసుకోవాలేమో. కెమెరా ఎప్పుడూ తలుపు అవతలో కిటికీ అవతలో, పక్కింటివాళ్లు తొంగి చూస్తున్నట్టు."

సరే, ఒకసారి అనుకుందాం. ఇంకా వెనక్కి తిరగేస్తే పోయినేడు ఫన్నీ ఫేస్ (1957) పేజీ ఉంది. అందులో ఆడ్రీ హెప్‌బర్న్ ఎర్ర గౌనులో చేతులు పైకెత్తి పారిస్ మ్యూజియం మెట్లు దిగి వస్తుంది. ఆ పేజీ రాసిన వారానికి నేను పెన్న రేవు మెట్ల మీద ఎర్ర చీర కట్టిన పిల్లని పరిగెత్తించాను. కుచ్చిళ్లు కాళ్లకి అడ్డంపడి ఆ పిల్ల నదిలో పడబోయింది. గౌనుతో దిగేదీ చీరతో దిగేదీ ఒకటి కాదని అప్పుడు గానీ నా బుర్రకి ఎక్కలేదు.

ఇట్టా ఏడెనిమిది దొరికాయి. పక్కన డైరీ, ఇటుపక్క హార్డ్ డిస్కులో ఫోల్డర్లు పెట్టి చూస్తే దొంగ దొరికిపోయినట్టుంది. షూట్ ముందు వారం సినిమాలు ఆపేయాలా? అసలు డైరీయే మానేయాలా?

నేలటికెట్, గూడూరు | శనివారం, రాత్రి 11:05

అక్కా, సినిమా చూసేది ఆనందానికి. మీరు పంచనామా రాస్తున్నారు. ఇంటర్వెల్‌లో సమోసా వేడిగా ఉందా లేదా అదొక్కటీ మిగిలింది, అదీ రాసేయండి.

నేను లెటర్‌బాక్స్‌డ్‌లో పెడతాను, చూసిన సినిమాలు రాసుకునే సైటు. తేదీ, చుక్కలు, ఒక జోకు. పని అయిపోయింది. నాకు ఏ సమస్యా లేదు.

పెన్నాగట్టు, నెల్లూరు | శనివారం, రాత్రి 11:12

సమోసా కూడా రాస్తాను తమ్ముడూ. ఎవరితో వెళ్లానో, ఏ వరసలో కూర్చున్నానో కూడా. సూళ్లూరుపేట పెద్ద తెర మీద చూసిందీ ఫోన్‌లో చూసిందీ ఒకటే సినిమా అని నేను ఒప్పుకోను. ఆ తెర వెడల్పు నూరడుగుల పైమాటే. అక్కడ మనిషి చెవి కమ్మ మెరిసినా కనపడుతుంది, ఫోన్‌లో చీర రంగు కూడా నమ్మలేం.

మైపాడుగాలి, ఇందుకూరుపేట | ఆదివారం, ఉదయం 6:20

డైరీ మానొద్దు. కాపీ కొట్టడం కూడా తప్పు కాదు, అందరం అట్టా మొదలైనవాళ్లమే. వెలుగుని తెచ్చుకున్నావు గానీ ఆ వెలుగు అక్కడ ఏం పని చేస్తుందో అడగలేదు. ఆ సినిమాలో ఇద్దరూ ఊరికి తెలియకుండా ఉండాలి, కాబట్టి దాచే వెలుగు. నీ షాపాయన చీర అమ్ముకోవాలి, కాబట్టి చూపించే వెలుగు. రెండూ ఎట్టా కుదురుతాయబ్బా?

నా సంగతి విను. కొత్తలో ఒక జంట వచ్చారు, నిశ్చితార్థం అయింది, మైపాడులో ఫోటోలు కావాలి. హిందీ సినిమాల్లో మాదిరి సూర్యుడు సముద్రంలో మునుగుతుంటే చేతులు పట్టుకుని నిలబడాలంట. నేనూ ఆ సినిమాలు చూసి పెరిగినవాడినే, సరే అన్నాను. సాయంత్రం నాలుగింటి నుంచి కాచుకుని కూర్చున్నాం. సూర్యుడు ఎక్కడ దిగాడు? మా వెనకాల, రొయ్యల గుంటల మీద, సరుగుడు తోపు అవతల! ఆ సినిమాలు బొంబాయివి, వాళ్ల సముద్రం పడమర. మన సముద్రం తూర్పున. ఇక్కడ సూర్యుడు నీళ్లలో నుంచి లేస్తాడు గానీ మునగడు. ముప్పై ఏళ్లు ఆ ఒడ్డున తిరిగినవాడిని, కెమెరా చేతికొచ్చాక మర్చిపోయాను.

మరుసటి రోజు తెల్లారి నాలుగున్నరకి రమ్మన్నాను. పిల్ల రెండింటికి లేచి మేకప్ వేసుకుంది, పాపం. కానీ అప్పుడు తెలిసింది. పొద్దున్నే సముద్రం వైపు మొహం పెడితే మెత్తటి వెలుగు తిన్నగా మొహం మీద పడుతుంది, ఒక పావుగంట, ఇరవై నిమిషాలు. ఆ తర్వాత కళ్లు చికిలిస్తారు. గాలి కూడా లెక్కే. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి నీళ్ల వైపు పోతుంది, కొంగు సముద్రం మీదకి ఎగురుతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరగబడితే అదే కొంగు మొహానికి చుట్టుకుంటుంది. ఇది ఏ సినిమాలోనూ దొరకదు. నీ డైరీలో ఈ పేజీ కూడా ఉండాలి.

కొత్తకెమెరా, కోవూరు | ఆదివారం, ఉదయం 8:02

అన్నా మీరు ఏ లెన్స్ వాడతారు? 85 తీసుకోనా 50 తీసుకోనా?

మైపాడుగాలి, ఇందుకూరుపేట | ఆదివారం, ఉదయం 8:15

దానికి వేరే చర్చ పెట్టు నాయనా. ఏది తీసుకున్నా సముద్రం నుంచి ఇంటికి రాగానే తుడువు. ఉప్పు.

మగ్గంబిడ్డ, వెంకటగిరి | ఆదివారం, ఉదయం 11:30

ఈ చర్చ మా అక్క పంపింది. మాది మగ్గం ఇల్లు. మా ఊరిని ఇప్పుడు తిరుపతి జిల్లాలో కలిపారు గానీ పాత అలవాటు కొద్దీ నెల్లూరోళ్లతోనే మాట్లాడతాం.

మీరు నీడలో కొంగు పోయిందని బాధపడుతున్నారు. మాకు వెలుగులోనే చీర పోతోంది. ఒక ఆన్‌లైన్ షాపు వాళ్లు మా చీరలు తీసుకుని వాళ్ల మోడల్‌కి కట్టి ఫోటో తీశారు. ఫోటోలో నెమలి కంఠం రంగు ధగధగా మెరిసిపోతోంది. కొన్నావిడ పెట్టె విప్పి "నాకు నీలం చీర పంపారు" అని తిప్పి పంపింది. అట్టా ఒక నెలలో ఐదు వెనక్కి వచ్చాయి. నష్టం ఎవరి నెత్తిన పడిందో చెప్పాల్సిన పని లేదు.

నెమలి కంఠం ఒక రంగు కాదండీ. పడుగు (నిలువు పోగు) ఒక రంగు, పేక (అడ్డం పోగు) ఇంకో రంగు. నీలం, ఆకుపచ్చ రెండూ ఉంటాయి, ఏ పక్క నుంచి చూస్తే ఆ పక్క పైకొస్తుంది. కట్టుకుని నడిస్తేనే ఆ అందం. ఫోటోలో నిలబెట్టి, తర్వాత కంప్యూటర్‌లో ఒకే రంగు లాగి పెంచితే అది మా చీర కాదు. నా మాట వింటే కుచ్చిళ్ల దగ్గరో, భుజం మడత దగ్గరో ఒక ఫోటో తీయండి. మడతకి అటు ఒక రంగు, ఇటు ఒక రంగు కనపడుతుంది. కొనేవాళ్లకి మోసం ఉండదు.

ఇంకోటి. మా 100 నంబరు నూలు చీరలు ఎదురెండలో పట్టుకుని చూశారా ఎప్పుడైనా? జాందానీ బుటా ఉన్న చోట అదనపు పేక ఉంటుంది కాబట్టి అక్కడ వెలుగు ఆగిపోతుంది. మిగతా చీరంతా గాజులా వెలుగుతుంది, బుటాలు మాత్రం ముదురుగా నిలబడతాయి. మా నాన్న పోగు తప్పిందేమోనని చూసేది అట్టాగే, వాకిట్లో తూర్పు వైపు పట్టుకుని. షాపుల్లో ఆ చౌక ఎల్ఈడీ బల్బుల కింద తీస్తారే, అక్కడ మెరూన్ చీర ఇటుక రంగులో పడుతుంది. దానికి ఎవరిని అనాలి?

నేలటికెట్, గూడూరు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

రంగు మార్చడం తప్పంటే సినిమా మొత్తం తప్పే కదా. అంటోనియోనీ బ్లో-అప్ (1966)లో లండన్ పార్కులో పచ్చగడ్డికి పచ్చరంగు కొట్టించాడు, ఇంకా పచ్చగా కనపడాలని. ఆ సినిమాకే కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి వచ్చింది, 1967లో. కళ అంటే అట్టాగే ఉంటుంది.

మగ్గంబిడ్డ, వెంకటగిరి | ఆదివారం, మధ్యాహ్నం 12:25

ఆయన గడ్డి అమ్మలేదు కదండీ.

నేలటికెట్, గూడూరు | ఆదివారం, మధ్యాహ్నం 12:27

ఒప్పుకున్నా.

పెన్నాగట్టు, నెల్లూరు | ఆదివారం, మధ్యాహ్నం 2:40

పొద్దున్నుంచి పెళ్లిలో ఉన్నా, ఇప్పుడే చూశాను. ఆ గడ్డి జవాబు నా డైరీ మొదటి పేజీలో రాసుకుంటా.

బ్లో-అప్ ఎటూ వచ్చింది కాబట్టి, ఆ పేజీలో నేను రాసుకున్నది: "ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్. మోడల్ మీదకి ఎక్కి కూర్చుని అరుస్తూ తీస్తాడు, పని అయిపోగానే ఆ అమ్మాయిని అక్కడే వదిలేసి సోఫాలో కూలబడతాడు. మనిషి అంటే లెక్క లేదు. పార్కులో దొంగచాటుగా తీసిన ఫోటోలో హత్య ఉందేమోనని పెద్దవి చేస్తూ పోతాడు. పెద్దవి చేసేకొద్దీ శవం కాస్తా చుక్కలైపోతుంది." చాలామంది ఆ మోడల్ సీను చూసి ఫోటోగ్రాఫర్ అంటే అట్టా ఉండాలనుకుంటారు. నాకు అసహ్యం వేసింది. నా దగ్గరకొచ్చే పిల్లలు చాలామంది డిగ్రీ చదువుకుంటూ వచ్చేవాళ్లు, వాళ్ల అమ్మో పిన్నో కుర్చీలో కూర్చుని చూస్తుంటుంది. ఇక్కడ అరిస్తే సాగదు, అరవనూ కూడదు.

మగ్గంబిడ్డా, ఎదురెండ మాట అద్భుతం. రెండు చీరలు పంపగలవా? అద్దె ఇస్తాను, జాగ్రత్తగా తిప్పి పంపుతాను.

ఒంగోలుగిత్త, ఒంగోలు | ఆదివారం, సాయంత్రం 5:50

నా సిగ్గుమాలిన కథ కూడా వినండి.

ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిచర్డ్ ఆవెడాన్ 1955లో పారిస్ సర్కస్‌లో తీసిన ఫోటో అందరికీ తెలిసిందే. డోవిమా అనే మోడల్, నల్ల గౌను, తెల్ల నడికట్టు, రెండు పక్కలా ఏనుగులు. నాకు దాని మీద మోజు పట్టుకుంది. ఏనుగు ఎక్కడ తెస్తాం? మనకి గిత్త ఉంది! ఊరి పక్క రైతుని బతిమాలి, ఆయన గిత్త పక్కన పట్టుచీర కట్టిన అమ్మాయిని నిలబెట్టాను. మిట్టమధ్యాహ్నం.

మొదటి తప్పు. తెల్లటి గిత్త ఫ్రేమంతా నిండితే కెమెరాలో వెలుగు కొలిచే మీటరు మోసపోతుంది, అబ్బో ఎంత వెలుగో అనుకుని తగ్గించేస్తుంది. గిత్త బూడిద రంగులో, అమ్మాయి మొహం మసిబొగ్గులా వచ్చాయి. రెండో తప్పు ఫ్లాష్. ఒక్కసారి కొట్టాను. గిత్త తల విసిరింది, అమ్మాయి చెప్పులు వదిలేసి పరుగు, రైతు నన్ను ఎన్ని అనాలో అన్నీ అన్నాడు.

సాయంత్రం దాకా ఆగి మళ్లీ తీశాం, ఈసారి ఫ్లాష్ లేకుండా. అప్పుడు ఒక వింత చూశాను. ఎండ గిత్త ఒంటి మీద పడి, అక్కడి నుంచి తిరిగి అమ్మాయి నీడ చెంప మీద పడుతోంది. అంత మెత్తటి వెలుగు! మేము థర్మోకోల్ షీట్లు పట్టుకుని చచ్చే పని ఆ గిత్త నిలబడి చేసిపెట్టింది. అంత పెద్ద రిఫ్లెక్టరు ఎక్కడా అద్దెకి దొరకదు.

ఫోటో రైతుకి చూపిస్తే చాలాసేపు చూసి, "గిత్త బాగా పడింది. పిల్లే అడ్డమొచ్చింది" అన్నాడు.

(సందర్భం కాకపోయినా: బ్రెజిల్‌లో మన గిత్తల సంతతిని 'నెలోర్' అంటారు, నెల్లూరు పేరు మీద. జాతి ఒంగోలుది, పేరు నెల్లూరుది. ఈ అన్యాయం మీద కూడా ఎవరైనా చర్చ పెట్టండి.)

నేలటికెట్, గూడూరు | ఆదివారం, సాయంత్రం 6:15

ఆ ఏనుగుల గౌను డియోర్‌ది కదా, కొందరు సెయింట్ లారెంట్ అంటారేంటి?

రీలుపెట్టె, కందుకూరు | ఆదివారం, సాయంత్రం 6:40

రెండూ నిజమే. డియోర్ వాళ్ల గౌను. గీసింది అప్పుడు వాళ్ల దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు ఈవ్ సెయింట్ లారెంట్, పందొమ్మిదేళ్లు. ఆ ఫోటోలో ఏనుగుల కాళ్లకి గొలుసులు కూడా కనపడతాయి. మొదటిసారి చూస్తే గౌనే కనపడుతుంది, నాకు పదోసారికి గొలుసులు కనపడ్డాయి. ఇంకో ముచ్చట. పెన్నాగట్టు గారు చెప్పిన ఫన్నీ ఫేస్‌లో ఫ్రెడ్ అస్టేర్ వేసిన ఫోటోగ్రాఫర్ పాత్రకి మూలం ఈ ఆవెడానే. ఆ సినిమాకి ఆయన దృశ్య సలహాదారు కూడా. అంటే ఫోటోల నుంచి సినిమా దొంగిలించింది, సినిమా నుంచి మీరు దొంగిలించారు. లెక్క సరిపోయింది.

కావలిస్టూడియో, కావలి | ఆదివారం, రాత్రి 8:30

అమ్మాయీ, నాకు డెబ్బై దాటాయి. నా మనవడు టైపు చేసి పెడుతున్నాడు. తప్పులుంటే వాడివి.

సినిమా చూసి ఫోటో తీయడం మీరు కనిపెట్టినట్టు మాట్లాడుతున్నారు. మా స్టూడియో బతికిందే దాని మీద. ప్రేమ్‌నగర్ 1971లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లు స్టూడియోకి వచ్చిన ఆడపిల్లల్లో సగానికి సగం వాణిశ్రీ కొప్పే. ఆవిడ మన నెల్లూరావిడ కదా, ఇక్కడ ఇంకాస్త ఎక్కువ. కొప్పు నిలబడాలంటే సవరం కావాలి, లేనివాళ్ల కోసం మేమే ఒకటి పెట్టుకునేవాళ్లం. సవరం, నల్ల కళ్లద్దాలు, పని చేయని రేడియో, చేతి గడియారం. ఒకే గడియారం ఎంతమంది చేతికెక్కిందో. వెనకాల పరదా మీద చందమామ, పాలరాతి మెట్లు. పగలు పదకొండింటికి కూడా మా దగ్గర వెన్నెలే. మాయాబజార్‌లో మార్కస్ బార్ట్‌లీ చేసిన వెన్నెల చూసినవాళ్లం, మాకు మాత్రం ఆశ ఉండదా?

యాషికా కెమెరా, 120 రోలు, రోలుకి పన్నెండు ఫోటోలు. పన్నెండే. అందుకే నొక్కే ముందు మనిషిని కూర్చోబెట్టి చూసేవాళ్లం. అయిదొందల వాట్ల బల్బులు రెండు, ఎండాకాలం చెమటకి పౌడరు కారిపోయేది. సాగర సంగమంలో ఒక పిల్లోడు కెమెరా పట్టుకుని కమల్ హాసన్ డాన్స్ చేస్తుంటే అన్నీ తప్పు సమయంలో నొక్కుతాడే, ఆ సీనుకి హాలంతా నవ్వింది. నాకు మాత్రం రోలు వృథా అయిందే అని గుండె కలుక్కుమంది.

ఇప్పుడు అసలు మాట. ఆ మగ్గం పిల్ల రంగుల గురించి చెప్పింది చూడు. మాది నలుపు తెలుపు. కొంతమంది రంగులు అద్దించుకునేవాళ్లు. రంగులు అద్దే ఆయన వేరే ఊళ్లో, ఆయనకి చీర ఏ రంగో ఎట్టా తెలుస్తుంది? అందుకని బిల్లు పుస్తకం వెనకాల రాసిపెట్టేవాడిని. "ముదురాకుపచ్చ ఒళ్లు, కుంకుమ అంచు, జరీ సన్నం, జాకెట్టు పసుపు." పేరు లేకపోయినా పర్లేదు, రంగు తప్పకూడదు. ఇప్పటికీ ఆ బిల్లు పుస్తకాలు నా దగ్గర ఉన్నాయి. చదివితే మనుషులు గుర్తొస్తారు. నీ డైరీ మానొద్దు. నీ డైరీలో సినిమా వాళ్ల బట్టలే ఉన్నాయి, నీ ముందు కూర్చున్న మనిషి బట్ట లేదు. అది రాయి.

రీలుపెట్టె, కందుకూరు | ఆదివారం, రాత్రి 9:10

పెద్దాయనా, ఆ పరదా ఇంకా ఉందా? ఎందుకడుగుతున్నానంటే, ఇర్వింగ్ పెన్ అని అమెరికా ఫోటోగ్రాఫర్. 1948లో రెండు చెక్కలు మూలగా నిలబెట్టి, పెద్ద పెద్దవాళ్లని ఆ ఇరుకులో నిలబెట్టి తీసినాయన. 1950లో పారిస్‌లో ఫ్యాషన్ ఫోటోలకి పాత నాటకశాల తెర ఒకటి దొరికింది ఆయనకి. బూడిద రంగులో మబ్బు పట్టినట్టుంటుంది. దాన్ని వెంట పెట్టుకుని జీవితాంతం వాడాడు. ఆయన పోయింది 2009లో, అంటే చూసుకోండి. పారిస్‌లో ఒక పక్క లక్షల ఖరీదు గౌన్లు తీస్తూ, ఇంకో పక్క చేపలమ్మేవాళ్లని, కసాయివాళ్లని వాళ్ల పని బట్టల్లోనే, పనిముట్లతోనే స్టూడియోకి పిలిచి అదే శ్రద్ధతో తీశాడు. నాకు ఆ గౌన్ల కంటే ఈ ఫోటోలే ఇష్టం.

నేలటికెట్, గూడూరు | ఆదివారం, రాత్రి 9:14

పెన్నా ఒడ్డున పెన్ను గారి పరదా. బాగుంది.

కావలిస్టూడియో, కావలి | ఆదివారం, రాత్రి 9:40

ఉంది. అటక మీద. నాటకాలకి పరదాలు రాసే ఆయన చేత రాయించింది. చందమామ వైపు పెచ్చులు లేచిపోయింది. వెనక వైపు ఉత్త బూడిద రంగు, అక్కడక్కడా చెమ్మ మరకలు. కావాలంటే వచ్చి తీసుకుపో అమ్మాయీ.

పలకబలపం, మార్కాపురం | సోమవారం, ఉదయం 7:00

బూడిద రంగు అంటే మా ఊరు గుర్తు రాలేదా ఎవరికీ? మీటరు మోసపోయిందని ఒంగోలు అన్న రాశాడు. కెమెరా మీటరు ఏది చూసినా మధ్యరకం బూడిద రంగే అనుకుంటుంది, 18 శాతం వెలుగు తిరిగొచ్చే రంగు. దానికి గ్రే కార్డు అని అమ్ముతారు. నేను కొన్నాళ్లు మా మార్కాపురం పలక ముక్కనే సంచిలో పెట్టుకు తిరిగాను, పెద్ద తెలివి అనుకుని. ఫోటోలన్నీ తెల్లగా పేలిపోయాయి! పలక ఆ కార్డు కంటే ముదురు, అందులోనూ రాయిని బట్టి కాస్త నీలమో పచ్చో కొడుతుంది. రంగు సరిచూసుకోవడానికి అసలు పనికిరాదు. కార్డు కొనుక్కోండి, ఆ ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు.

వెనకాల పెట్టుకోవడానికి మాత్రం పలక రాయిని మించింది లేదు. పెద్ద పలకలు గోడకి ఆనించి, ముందు మనిషిని కూర్చోబెట్టి, పక్క కిటికీ వెలుగు వేస్తే జరీ ఒక్కటే వెలుగుతుంది. చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయి కూడా వాడి చూశాను. వద్దు. పాలిష్ పెట్టిన రాయిలో నేను, నా కెమెరా, మా తమ్ముడి గొడుగు అన్నీ కనపడ్డాయి. రాయిలోని చుక్కలు చీర మీద జరీ బుటాలతో పోటీ పడ్డాయి.

డైరీ గురించి నాదొక చిట్కా. కుడి పేజీలో సినిమా రాయండి. ఎడం పేజీ ఖాళీగా ఉంచండి. వారమో నెలో పోయాక, ఆ సినిమా నుంచి మీ షూట్‌లోకి ఏం వచ్చిందో, అందులో ఏది అక్కర్లేదో ఎడం పేజీలో రాయండి.

పెన్నాగట్టు, నెల్లూరు | సోమవారం, ఉదయం 9:30

ఎడం పేజీ మాట ఇప్పుడే మొదలుపెట్టాను. మొదటి ఎంట్రీ: "తలుపు సందు వచ్చింది. తలుపు అక్కర్లేదు. ఇంతసేపు ఒక మనిషిని వదలకుండా చూసే ఓపిక, అది కావాలి."

పెద్దాయనా, బుధవారం కావలి వస్తున్నాను.

పెన్నాగట్టు, నెల్లూరు | పది రోజుల తర్వాత, రాత్రి 11:20

ఆలస్యానికి క్షమించాలి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

కావలిలో తాతగారు, అమ్మమ్మగారు భోజనం పెట్టందే పంపలేదు. బిల్లు పుస్తకాలు చూపించారు. ఒక చోట "చీర రంగు: పిల్ల చెప్పలేదు, ఏడుస్తోంది" అని ఉంది. ఎందుకని అడిగితే, పెళ్లిచూపులకి పంపే ఫోటో అంట, ఆ పిల్లకి ఇష్టం లేదంట. ఆ ఫోటో తీయకుండా డబ్బులు తిప్పి ఇచ్చేశారంట. యాభై ఏళ్ల నాటి సంగతి, నిన్నటిది మాదిరి చెప్పారు.

పరదా పది అడుగుల పొడుగు, నా ఎత్తుకి రెండింతలు. ప్యాసింజరులో తెస్తుంటే పక్కావిడ "తివాచీనా అమ్మా, ఎంతకిచ్చారు?" అని అడిగింది.

మా డాబా మీద ఉత్తరం వైపు మెట్ల గది నీడలో కట్టాను, ఎండ నేరుగా తగలకుండా. వెంకటగిరి నుంచి రెండు చీరలు వచ్చాయి. ఒకటి నెమలి కంఠం పట్టు, ఒకటి తెల్ల నూలు మీద బుటాలు. నియమం పెట్టుకున్నాను: చీరకి పన్నెండే ఫోటోలు. కార్డులో చోటు ఉన్నా సరే. మొదటి చీరకి ఏడు నొక్కాక చేయి వణికింది, నిజం. అంతకుముందు మూడొందలు నొక్కి అందులో ఏరుకునేదాన్ని. ఇప్పుడు ఒక్కొక్కటికి ముందు అమ్మాయితో మాట్లాడుతూ కూర్చున్నాను. ఆ పిల్లకి ఎడమ భుజం కాస్త దించి నిలబడే అలవాటు ఉంది. మూడు షూట్‌లు కలిసి చేశాం, నేను ఎప్పుడూ చూడలేదు. ఆ భుజం మీద మడత పడితే అటు నీలం, ఇటు ఆకుపచ్చ, మగ్గంబిడ్డ చెప్పినట్టే.

తెల్ల చీరకి పరదా తీసేసి, పొద్దున ఆరున్నరకి తూర్పు వైపు కొంగు పట్టుకోమన్నాను. బుటాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఒక చోట పోగు తప్పిందని కూడా కనపడింది. మగ్గంబిడ్డా, చెప్పాలా వద్దా అని ఆలోచించాను.

మగ్గంబిడ్డ, వెంకటగిరి | రాత్రి 11:31

చెప్పారుగా. కుడి అంచు నుంచి మూడో బుటానా? అది నాది. నాన్న అప్పుడే కనిపెట్టాడు, తిట్టాడు కూడా. ఆ ఫోటో నాకు పంపండి, నాన్నకి చూపించను.

నేలటికెట్, గూడూరు | రాత్రి 11:40

ఇంతకీ షాపాయన ఏమన్నాడు? సస్పెన్స్ ఎందుకు?

పెన్నాగట్టు, నెల్లూరు | రాత్రి 11:52

ఇరవై నాలుగూ చూశాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. చీరల గురించి ఒక్క మాట అనలేదు. "అమ్మా, ఆ వెనకాల గుడ్డ ఎక్కడిది? తాను ఎంత?" అన్నాడు.

చీరల ఫోటోలు ఇరవై ఒకటి తీసుకున్నాడులే. మూడు వద్దన్నాడు. ఆ మూడూ నాకు బాగా నచ్చినవే. ఎడం పేజీలో ఆ మూడింటి కింద గీత గీసుకున్నాను.

కావలిస్టూడియో, కావలి | మర్నాడు, ఉదయం 6:05

అమ్మొద్దు. తడి గుడ్డతో తుడవొద్దు, రంగు లేస్తుంది. మడత పెట్టావంటే మడత దగ్గర పగులుతుంది, పీవీసీ గొట్టానికి చుట్టి పెట్టు, రాసిన వైపు బయటికి ఉండాలి. ఎలకలకి ఆ జిగురు ఇష్టం, అటక మీద పెట్టొద్దు. మీ అమ్మమ్మగారు ఆ రోజు నువ్వు గోంగూర పచ్చడి సీసా మర్చిపోయావంటున్నారు.